డ్యాం నా మీదికి ఎట్లా వచ్చింది?

 

సైన్సు దినోత్సవం నాడు డైనింగు హాల్లో చూపించిన వీడియో మీకు జ్ఞాపకం ఉండే ఉంటది. అందులో నేను నిలబడి ఉంటాను. నా వెనుక మన సాగర్ డ్యాం, గేట్లు ఎత్తి ఉంటాయి, నీళ్లు తెల్లగా దుంకుతుంటాయి. నేను ఉన్నచోటనే ఉంటాను. డ్యాం మాత్రం పెద్దగయి, ఇంకా పెద్దగయి నా వీపు మీదికి వచ్చినట్లు అయితది. అంతా కలిపి 4 సెకండ్లు. ఆరో తరగతి చెల్లెళ్లు ఒక్కసారే అరిచినారు. ఆ రోజు నుండి నల్లా దగ్గర, అన్నం లైన్లో ఒకటే ప్రశ్న. "అక్కా, మిమ్మల్ని డ్యాం కాడికి ఎప్పుడు తోలుకపోయిండ్రు? మమ్మల్నెందుకు తోలుకపోలే?"

ఎవ్వరూ తోలుకపోలేదు. నేను నిలబడింది వంటశాల వెనుక, కట్టెలు పేర్చే గోడ ముందట. నా వెనుక ఉన్నది 4 మీటర్ల ఆకుపచ్చ లైనింగు గుడ్డ. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తున్నది కావున ఈ వ్యాసం రాస్తున్నాను. రాయడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. అది తరువాత చెప్తాను.

ముందు గుడ్డ సంగతి. ఫోనులో కనపడే బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలే. ఒక్కో చుక్కకు ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని 3 అంకెలు ఉంటాయి. ఎడిటింగ్ యాప్‌లో "క్రోమా కీ" అని ఒకటి ఉంటుంది. అది ప్రతి చుక్కనూ చూస్తుంది. ఆకుపచ్చ అంకె మిగతా రెండింటి కంటే బాగా ఎక్కువ ఉంటే ఆ చుక్కను తీసి పారేస్తుంది. తీసిన చోట కిటికీ తెరిచినట్లు అయి, కింద పెట్టిన ఫొటో కనపడుతుంది. అంటే యాప్‌కు మనిషి ఎవరో గుడ్డ ఏదో తెలియదు. దానికి తెలిసింది రంగు ఒక్కటే.

ఆకుపచ్చనే ఎందుకు అని నేను కూడా అడిగినాను. మనిషి తోలు నలుపయినా తెలుపయినా అందులో ఎరుపు పాలు ఎక్కువ, ఆకుపచ్చ పాలు తక్కువ. అందువలన ముఖం పోదు. ఇంకొకటి, కెమెరాలో వెలుగును పట్టే పలక మీద ప్రతి 4 గడుల్లో 2 ఆకుపచ్చకు, 1 ఎరుపుకు, 1 నీలానికి ఉంటాయి. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన ఈ అమరికకు 1976లో పేటెంటు పొందినారు. మన కండ్లు కూడా వెలుగును ఆకుపచ్చలోనే బాగా పట్టుకుంటాయి కాబట్టి ఆయన దానికి రెండు గడులు ఇచ్చినారు. అందుచేత ఫోను ఆకుపచ్చ అంచును తేటగా చూడగలదు.

ఫోన్లు, కంప్యూటర్లు లేనప్పుడు సినిమావాళ్లు ఇదే పనిని నీలం తెరతో, ఫిలిం మీదనే చేసేవారు. 1940లో వచ్చిన "థీఫ్ ఆఫ్ బాగ్దాద్" అనే ఇంగ్లీషు సినిమాలో లారీ బట్లర్ అనే ఆయన ఈ పద్ధతి వాడి ఆస్కార్ బహుమతి తీసుకున్నారు. ఆ సినిమాలో దొంగ పిల్లవాని వేషం వేసింది సాబు. ఆయన మైసూరు ప్రాంతంలో ఏనుగుల మావటివాని కొడుకు! ఈ మాట చదివినప్పుడు నాకు చాలా సంతోషం అయినది.

ఇక మా పని. మేము మొదట తోటకు కప్పే ఆకుపచ్చ నెట్ కట్టినాము. ఊరికే దొరుకుతుంది గదా అని. కాని దానికి సందులు ఉంటాయి, వెనుక గోడ కనపడి బొమ్మంతా జల్లెడ లాగ వచ్చింది. తరువాత సారు లైనింగు గుడ్డ తెప్పించినారు. దానికి ముడతలు. ముడత పడిన చోట నీడ ఉంటుంది, నీడలో ఆకుపచ్చ నల్లబడుతుంది, యాప్ దానిని గుర్తుపట్టదు. ఇస్త్రీ పెట్టె లేదు. స్టీలు చెంబులో మసిలే నీళ్లు పోసి రుద్దినాము. మన పండుగ లంగాలకు చేసినట్లే. ఎండలో కడితే సగం వెలుగు, సగం నీడ పడుతున్నదని గోడ నీడ పూర్తిగా పడే వేళకు తీసినాము. నేను గుడ్డకు 2 మీటర్లు ముందుకు నిలబడినాను. ఆనుకొని నిలబడితే గుడ్డ రంగు జుట్టు అంచుల మీద పడి, అంచులు కొరికినట్లు అయితాయి.

ఇంతవరకు అందరూ చేసేదే. డ్యాం మీదికి రావడం వేరే సంగతి. దానికి కెమెరా దగ్గరికి పోవడం అంటే ఏమి, జూమ్ చేయడం అంటే ఏమి అని తెలియాలి. రెండూ ఒకటే అనుకునేదాన్ని. కావు.

మీరే చేసి చూడండి. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకొని ఆట స్థలంలోకి పోండి. నేస్తాన్ని 8 మీటర్ల దూరంలో, ఆమె వెనుక దూరపు కొండ కనపడేటట్లు నిలబెట్టండి. స్కేలును చెయ్యి చాపి పట్టుకొని ఒక కన్ను మూసి ఆమె ఎంత పొడవు కనపడుతున్నదో చూడండి. నా బెంచీ దోస్తు 9 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. కొండ 4 వచ్చింది. తరువాత 4 మీటర్ల దాకా దగ్గరికి పోయి మళ్లీ కొలిచినాను. దోస్తు 17న్నర అయింది, అంటే రెట్టింపు. కొండ అదే 4. దూరం సగం అయితే కనపడే పొడవు రెండింతలు అయితది. దోస్తు నాకు సగం దూరం తగ్గింది. కొండకు 4 మీటర్లు ఎంత? ఏమీ కాదు. పదో తరగతి అక్క ఇది సరూప త్రిభుజాల లెక్కనే అన్నది. వచ్చే ఏడు నేర్చుకుంటాము.

బస్సులో పోయేటప్పుడు కూడా ఇదే గదా. రోడ్డు పక్క చింతచెట్టు సర్రున మీదికి వచ్చి పోతుంది. దూరాన ఉన్న గుట్ట మాత్రం కదలదు, మనతోనే వస్తున్నట్లుంటది.

ఇప్పుడు జూమ్. 8 మీటర్ల దగ్గరనే నిలబడి ఫోనులో 2 రెట్లు జూమ్ చేయండి. దోస్తు రెట్టింపు, కొండ కూడా రెట్టింపు. జిరాక్సు షాపులో పెద్దగ తీసినట్లు అన్నీ ఒకే లెక్కన పెరుగుతాయి. నడిస్తే దగ్గరివి మాత్రమే పెరుగుతాయి, జూమ్ చేస్తే అన్నీ పెరుగుతాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే ట్రిక్కు సగం వచ్చినట్లే.

మరి రెండూ ఒకేసారి, ఎదురెదురుగా చేస్తే? కెమెరా నాకు 2 మీటర్ల దూరంలో ఉన్నది, డ్యాం నా వెనుక 200 మీటర్లలో ఉన్నది అనుకుందాం. కెమెరాను 4 మీటర్లకు వెనుకకు జరిపితే నేను సగం అయితాను. అదే సమయంలో 2 రెట్లు జూమ్ చేస్తే నేను మళ్లీ మొదటి అంత అయితాను. డ్యామో? దాని దూరం 202 నుండి 204 అయింది, అంటే ఏమీ తగ్గలేదు. జూమ్ వలన అది రెట్టింపు అయింది. చూసేవారికి నేను ఉన్నట్లే ఉండి, డ్యాం మాత్రం నా వెనుకకు వచ్చి నిలబడుతుంది.

దీనిని నిజం కెమెరాతో మొదట చేసినది 1958లో హిచ్‌కాక్ తీసిన "వెర్టిగో" సినిమాకు. ఎత్తు అంటే భయం ఉన్న ఒకాయన మెట్ల మీది నుండి కిందికి చూసినప్పుడు ఆయన తల తిరగడం చూపించాలి. కెమెరా పని చేసినది ఇర్మిన్ రాబర్ట్స్ అనే ఆయన. ఆ మెట్లు కూడా నిజం మెట్లు కావు, చిన్న నమూనా కట్టి, దానిని పక్కకు పడుకోబెట్టి తీసినారు. 1975లో "జాస్" అనే సొరచేప సినిమాలో సముద్రం ఒడ్డున పోలీసు ముఖం దగ్గర కూడా ఇదే చేసినారు.

మాకు పట్టాలు లేవు, బండి లేదు, మంచి జూమ్ లేదు. కాని మా దగ్గర నేను వేరు, డ్యాం వేరు ఉన్నాము గదా! గుడ్డ చేసిన మేలు అదే. నన్ను తీసిన వీడియోను ముట్టుకోలేదు. కింద పెట్టిన డ్యాం ఫొటోను మాత్రం 100 నుండి 200కు పెంచినాము. 2 మీటర్ల నుండి 4 మీటర్లకు నడిచి, 2 రెట్లు జూమ్ చేసిన కెమెరా లెక్కకు ఇది దాదాపు సరిపోతుంది.

మొదటిసారి బాగా రాలేదు. సెకండుకు 25 చొప్పున 100, 125, 150, 175, 200 అని పెంచినాను. మొదట ఉరికినట్లు, చివరికి అలిసిపోయినట్లు ఉన్నది. ఎందుకంటే 100 మీద 25 అంటే నాలుగో వంతు, 175 మీద 25 అంటే ఏడో వంతే. కూడికతో కాదు, గుణకారంతో పెంచాలి. 100, 119, 141, 168, 200 అని పెట్టినాక ఒకే తీరుగ వచ్చింది. ఇంకొక తప్పు ఏమనగా, ఫొటో దాని నడిమధ్య నుండి పెరుగుతుంది. దానితో గేట్లు జారి నా నడుము కిందికి పోయినాయి. నా కండ్ల ఎత్తులో ఉన్న చుక్క ఎటూ జరగకుండ ఫొటోను సర్దితే అప్పుడు కుదిరింది. ఫొటో కూడా పెద్దది కావాలి. మా వీడియో అడ్డం 1920 చుక్కలు, ఫొటో 4000 చుక్కలు. కాబట్టి రెట్టింపు చేసినా మసక కాలేదు.

డ్యాం నా వెనుకకు రాకుండ, కెమెరానే నా దగ్గరికి నడిచినట్లు కావాలంటే లెక్క తిరగేయాలి. నన్ను 100 నుండి 200 చేసి, డ్యాంను 100 నుండి 101 చేస్తే చాలు. ఇద్దరినీ 200 చేస్తే ఉత్త జూమ్. అదే గుడ్డ, అదే నేను, అంకెలు మారితే కెమెరా నడిచింది, ఆగింది, తల తిరిగింది.

మన తెలుగు సినిమాల్లో కూడా ఇటువంటివి తక్కువ లేవు. 1957లో కె.వి.రెడ్డిగారి "మాయాబజార్"కు కంప్యూటర్లు లేవు. మార్కస్ బార్ట్‌లీ గారు కెమెరాతోనే అంతా చేసినారు. అందులో మనం మురిసిపోయే వెన్నెల నిజం వెన్నెల కాదు. 2015లో వచ్చిన "బాహుబలి"లోని జలపాతం కేరళలోని అతిరప్పిళ్లిది. అది నిజంగా ఉన్నదే, కాని సినిమాలో కంప్యూటరుతో ఆకాశం అంత చేసినారు.

ఇప్పుడు ఆ ఇంకొక కారణం చెప్తాను.

సైన్సు దినోత్సవం తరువాత ఆదివారం నాడు మనల్ని చూడడానికి వచ్చినవారిలో ఒకరు ఆ వీడియోను ఫోనులో ఎక్కించుకొని పోయినారు. అది చేతులు మారి మారి మా పెంట దిక్కు పోయింది. మా పెంటలో సిగ్నలు రాదు. అమ్మ జిగురు అమ్మడానికి రోడ్డు మీదికి వచ్చినప్పుడు దుకాణం దగ్గర ఎవరో "నీ బిడ్డ గాదే ఇది" అని చూపించినారు. నీళ్లు నా మీదికి వస్తున్నాయి, నేను కదలడం లేదు. 4 సెకండ్లకు ఆగిపోయింది. తరువాత ఏమయిందో అందులో లేదు.

మరునాడే అమ్మ, మా మామ వచ్చినారు. అచ్చంపేట నుండి దేవరకొండకు, అక్కడ నుండి సాగర్‌కు. ఇద్దరి కూలి రెండు దినాలు పోయింది, బస్సు కిరాయి మామ అప్పు తెచ్చినాడు. గేటు దగ్గర నన్ను చూసి అమ్మ ఏమీ మాట్లాడలేదు. నా జడ పట్టుకొని పిసికి చూసింది. తడి ఉన్నదా అని.

జడ ఎందుకు చూసిందో నాకు రాత్రి అర్థం అయింది. మన హాస్టల్ రిబ్బన్లు ఆకుపచ్చవి! యాప్ గుడ్డతో పాటు నా రిబ్బన్లను కూడా తీసేసింది. రిబ్బను ఉండే చోట నురుగు నీళ్లు కనపడుతున్నాయి. నేను ఎడిటింగు చేసేటప్పుడు ఆ సంగతి చూసినాను. చిన్నదే గదా, ఎవరు చూస్తారులే అని వదిలేసినాను. అమ్మ చూసింది.

మా నాయన తేనెకు పోతాడు. కొండ అంచు నుండి తాడు కట్టుకొని దిగుతాడు, పైన మామ తాడు పట్టుకుంటాడు. ఆ రోజుల్లో అమ్మ పొద్దంతా ఏమీ తినదు. అటువంటి మనిషికి నేను 4 సెకండ్ల భయం పంపినాను. నవ్వులాటకు చేసినాను అంటే నాకు నోరు రాలేదు.

వార్డెన్ మేడంగారు వారిద్దరికి అన్నం పెట్టించి, "తిట్టకు తల్లీ, నువ్వే చూపించు, ఎట్లా చేసిందో" అన్నారు. గుడ్డ మళ్లీ కట్టి, అమ్మను ముందట నిలబెట్టి, సారు ఫోనులో తీసి చూపించినాను. వెనుక డ్యాం వచ్చింది. అమ్మ నవ్వలేదు. మా వీడియోను, ఆమె వీడియోను 3 సార్లు పెట్టించుకొని చూసి అన్నది, "నీ నీడ ఏది?"

నిజమే. డ్యాం ఫొటోలో ఎండ దంచుతున్నది, కట్ట మీద గేట్ల నీడలు కోసినట్లు ఉన్నాయి. నేను గోడ నీడలో నిలబడినాను, నా ముఖం మీద ఎండ లేదు. "గంత నీళ్లు దుంకుతే గాలి లేవదా బిడ్డా? నీ చున్నీ అల్లాడనే లేదు." ఇది కూడా నిజమే. "కాళ్లేవి?" అన్నాడు మామ. కాళ్లు చూపిస్తే నేల కలవదని మేమే మోకాళ్ల పైకి తీసినాము. సారు కూడా ఆశ్చర్యపోయినారు. మన తరగతిలో 40 మందిమి చూసినాము, ఒక్కరం కూడా నీడ అడగలేదు. అమ్మ బడికి పోలేదు. కాని అడవిలో నీడ చూసే పొద్దు లెక్కపెడుతుంది.

ఇకనుండి ఏ వీడియో చూసినా నేను అమ్మ అడిగినట్లు అడుగుతున్నాను. నీడలు ఒకే దిక్కుకు ఉన్నాయా, గాలి ఇద్దరికీ తగులుతున్నదా, కాళ్లు నేల మీద ఉన్నాయా. దానికి నేను ఒకటి కలిపినాను. దగ్గరివి, దూరపువి ఏ లెక్కన పెరుగుతున్నాయి? మనిషి అంతే ఉండి వెనుక మాత్రం పెరిగితే, కెమెరాతో చేసినా గుడ్డతో చేసినా, అది ఎవరో కావాలని చేసిన పని. మన కండ్లతో మనం నడిచి చూస్తే ఎప్పుడూ అట్లా కనపడదు. ఒకరు అడగవచ్చును, నీడను కూడా కంప్యూటరులో వేయవచ్చును గదా అని. వేస్తారు. గాలిని కూడా వేస్తారు. పెద్ద సినిమాలలో దానికే వేరే మనుషులు ఉంటారు. అందువలన అన్ని సరిగ్గా ఉన్నాయి కాబట్టి నిజమే అనుకోరాదు. వీడియో వచ్చినప్పుడు ఇంటికి ఫోను చేసి అడిగే వీలు ఉంటే అడగడమే మేలు. మా అమ్మకు ఆ వీలు లేదు.

మేము ఆ వీడియోను మళ్లీ సరిచేసినాము. రిబ్బన్లు ఎర్రవి కట్టుకొని కొత్తగా తీసినాము. మొదటి 2 సెకండ్లు గుడ్డ కనపడేటట్లు ఉంచినాము, తరువాతనే డ్యాం వస్తుంది. భయం కొంచెం తగ్గింది అని ఎనిమిదో తరగతివాళ్లు అంటున్నారు. తగ్గనీయండి. ఆ వీడియోను మామ ఫోనులోకి కూడా ఎక్కించినాము, దుకాణం దగ్గర మొదటిది చూసినవారందరికీ చూపిస్తానని తీసుకపోయినాడు.

గుడ్డ మడిచి సైన్సు రూములో అడుగు అరలో పెట్టినాను. ఎవరికయినా కావాలంటే సారును అడిగి తీసుకోండి. మడతలు పడి ఉంటాయి, చెంబు నేను ఇస్తాను. ఆకుపచ్చ రిబ్బన్లు మాత్రం విప్పి రండి.

— 9వ తరగతి విద్యార్థిని